అపరాధ పరిశోధక నవలలో అండమాను

అపరాధ పరిశోధక నవలను మన విమర్శకులు చాలకాలం సాహిత్యపు గడపకు ఈవలనే నిలిపి ఉంచినారు. పాఠకులు దానిని అద్దె పుస్తకాల దుకాణాలనుండి తెచ్చుకొని తెల్లవార్లు చదివినారు. పండితులు చదివియు చదివినట్లు చెప్పుకొనలేదు. ఈ ఉపేక్షవలన ఒక ప్రశ్న అడగవలసినవారు అడగకుండానే ఉండిపోయినది. ఇతర భాషలలో నగర పోలీసు ఇన్‌స్పెక్టరు, తన ఉద్యోగమే తన మనస్సును తొలుస్తున్న మనిషి, గంభీరమైన నవలకు నాయకుడైనాడు. తెలుగులో అతడు చివరి అధ్యాయంలో బేడీలు పట్టుకొని వచ్చే పాత్రగానే ఎందుకు మిగిలిపోయినాడు? ఈ ప్రశ్నకు సమాధానంలో ఒక భాగం బంగాళాఖాతంలో, అండమాను దీవులలో ఉన్నది.

మొదట ఆ నాయకుని సంగతి. జార్జి సిమెనాన్ 1931లో మెగ్రే నవలలను ప్రకటించనారంభించినప్పుడు పారిస్ పోలీసు అధికారి నేరస్థుని పట్టుకొనుటకంటె అతనిని అర్థం చేసికొనుటకే ఎక్కువ శ్రమించినాడు. 1987లో ఇయన్ రాంకిన్ సృష్టించిన ఎడిన్‌బరో పోలీసు ఉద్యోగి రీబస్, గతాన్ని మరువలేక మద్యాన్ని ఆశ్రయించినవాడు. మన దేశంలో విక్రమ్ చంద్ర 2006 నాటి ఆంగ్ల నవల ‘సేక్రెడ్ గేమ్స్’లో బొంబాయి ఇన్‌స్పెక్టరు సర్తాజ్ సింగు, 2016లో అబీర్ ముఖర్జీ చిత్రించిన 1919 నాటి కలకత్తా పోలీసు అధికారి, నల్లమందుకు బానిసయైన విండమ్, ఈ కోవకే చెందుతారు. హంతకుడెవడన్న ప్రశ్న ఈ నవలలలో గౌణం. అధికారం చేతబట్టిన మనిషి తన అంతరాత్మకు ఏమి చెప్పుకొంటాడన్నది ప్రధానం.

భారతదేశంలో ఈ కథ వంగదేశంలో మొదలైనది. కలకత్తా డిటెక్టివు శాఖలో పనిచేసిన ప్రియనాథ ముఖోపాధ్యాయుడు తన అనుభవాలను 1892 నుండి ‘దరోగార్ దప్తర్’ అన్న పేరుతో వరుసగా ప్రకటించినాడు. దరోగా స్వయంగా కలం పట్టిన అరుదైన సందర్భమిది. ఆ కాలపు కేసులలో ఘోరనేరం రుజువైతే ఉరికొయ్య, కాదంటే ద్వీపాంతరం. 1860 నాటి శిక్షాస్మృతి ద్వీపాంతరవాసాన్ని శాశ్వత శిక్షగా నిర్ణయించినది. అంతకు రెండేండ్ల ముందే, 1858 మార్చిలో, డాక్టరు వాకర్ రెండువందల మంది ఖైదీలతో అండమాను చేరినాడు. వారిలో 1857 తిరుగుబాటుకు సంబంధించినవారే ఎక్కువ. అనగా ప్రతి అపరాధ కథకును ఒక రెండవ సంపుటం ఉన్నది. అది సముద్రానికి ఆవల జరిగినది. ఇన్‌స్పెక్టరు దానిని చూడలేదు, నవలాకారుడు వ్రాయలేదు.

వ్రాసిన ఒక్క ప్రసిద్ధ రచయిత కానన్ డాయిల్. 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో జొనాథన్ స్మాల్ అనే ఆంగ్లేయుడు ఆగ్రా నిధికోసం జరిగిన హత్యలో పాలుపంచుకొని అండమానుకు వెళ్లుతాడు, హోప్‌టౌనులో గుడిసె సంపాదిస్తాడు, టోంగా అనే ద్వీపవాసి సహాయంతో పారిపోతాడు. ఈ నవల వ్రాసేనాటికి డాయిల్ భారతదేశాన్ని గాని అండమానును గాని చూడలేదు. హోమ్స్ ఒక భౌగోళిక గ్రంథం తెరచి ద్వీపవాసులు నరమాంసభక్షకులని చదువుతాడు. టోంగా గొట్టంతో విషపుముల్లు ఊది చంపుతాడు. అండమాను ఆదిమవాసుల ఆయుధాలు విల్లమ్ములు. ఊదుడుగొట్టం వారిది కాదు. నరమాంసభక్షణ కేవలం పుకారు. నిజానికి చచ్చినవారు ఆ ద్వీపవాసులే. వలసరాజ్యం వెంట వచ్చిన రోగాలు, ముఖ్యంగా 1877 నాటి తట్టు, వేలమంది ఉండిన గ్రేట్ అండమానీయులను తుడిచిపెట్టినవి. నేడు వారు కొన్ని పదుల మంది మాత్రమే. ప్రపంచమంతటను చదువబడిన నవలలో హంతకుడై నిలిచిన జాతి చరిత్రలో హతమైన జాతి. పరిశోధక నవలకు ఇంతకంటె పెద్ద పరిశోధన మరొకటి ఉండబోదు.

డాయిల్ పేర్కొన్న ఆ హోప్‌టౌనులోనే నవలకు పద్దెనిమిదేండ్ల ముందు, 1872 ఫిబ్రవరి 8న, రాజప్రతినిధి మేయో ప్రభువును షేర్ అలీ అనే పఠాను ఖైదీ పొడిచి చంపినాడు. షేర్ అలీ ఒకప్పుడు పెషావరులో సర్కారు కొలువు చేసినవాడే. ఉద్యోగి, నేరస్థుడు, హంతకుడు అన్న మూడు వేషాలు ఒక్క మనిషి జీవితంలో ఇమిడినవి. అతనిని వైపర్ ద్వీపంలో ఉరితీసినారు. డాయిల్ దీనిని తన కథలోనికి తీసికొనలేదు.

ఇక తెలుగు. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో పాంచకడి దేవు మొదలైన వంగ రచయితల నవలలు మనకు అనువాదాలుగా వచ్చినవి. తరువాత ఆరుద్ర, కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు ప్రభృతులు స్వతంత్ర రచనలు చేసినారు. కొమ్మూరి నాయకుడు యుగంధర్ ప్రైవేటు డిటెక్టివు. ఇన్‌స్పెక్టరు స్వరాజ్యరావు అతని సలహాకోసం వచ్చే మిత్రుడు. ఈ అమరిక కేవలం హోమ్స్ అనుకరణ అనుకొంటే పొరపాటు. మన పాఠకుని అనుభవం కూడ దానిని కోరినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పితూరీ చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల ముట్టడితో ఆరంభమైనది. ఆ పోరాటంలో ఖైదీయైన గాము మల్లుదొర అండమానులో శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభ సభ్యుడైనాడు. 1933 నాటి కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారి అండమాను చేరినాడు. ద్వీపాంతరం వెళ్లినవాడు వీరుడైన దేశంలో అతనిని పంపిన ఇన్‌స్పెక్టరును నాయకుడుగా స్వీకరించుట పాఠకునికి సాధ్యం కాదు. సర్కారు జీతం తీసికొనని ప్రైవేటు డిటెక్టివు ఆ చిక్కును తప్పించినాడు. స్వతంత్రం వచ్చిన తరువాత ఇన్‌స్పెక్టరుకు స్వరాజ్యమన్న పేరు దక్కుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను, పేరు మారినంతలో పాత్రకు అంతరంగం రాలేదు.

ఆ అంతరంగం మన చరిత్రలో లేకపోలేదు. పగలు సత్యాగ్రహిని కొట్టి, రాత్రి ఇంటికి వచ్చి రాట్నం తిప్పే తల్లి ముఖం చూడలేని తెలుగు పోలీసు ఉద్యోగిని మనము ఊహించలేమా? 1942 మార్చిలో అండమానును జపానీయులు ఆక్రమించినప్పుడు నిన్నటి పాలకుల సిబ్బంది నేటి అనుమానితులైనారు. గూఢచారులన్న నెపంతో అనేకులను సెల్యులర్ జైలులో హింసించినారు. డాక్టరు దివాన్ సింగు 1944 జనవరిలో ఆ హింసలకే ప్రాణం విడిచినాడు. ఆ నెలలోనే హంఫ్రీగంజివద్ద నలుబది నలుగురిని కాల్చి చంపినారు. అక్కడ నేరమెవరిది, విచారించే అధికారమెవరిది? చీకటి నవల కోరే ప్రశ్నలన్నియు ఈ రెండింటిలోనే ఉన్నవి.

ద్వీపాంతరవాసమన్న మాటను 1955 నాటి చట్టం శిక్షాస్మృతినుండి తొలగించి, దాని స్థానంలో యావజ్జీవ కారాగారవాసాన్ని ఉంచినది. పోర్టు బ్లెయిరు 2024లో శ్రీవిజయపురమైనది. శ్రీకాకుళం తీరంనుండి బ్రతుకుతెరువుకై వెళ్లిన తెలుగువారు, వారి సంతతి, ఆ దీవులలో స్థిరపడి ఉన్నారు. ఖైదీలకు పుట్టిన తరాలు వారికి ఇరుగుపొరుగు. అక్కడి తెలుగు పిల్లవాడు డాయిల్ నవల చదివితే తన ఊరు అందులో నరభక్షకుల దీవిగా కనబడుతుంది. దానిని దిద్దగల పుస్తకం అతని భాషలో ఇంకను రావలసియున్నది.