పాదసూచికల లెక్క, ఊళ్ళ లెక్క

శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మక్షేత్రమున, కూర్మనాథుని ఆలయ శాసనములలో శక సంవత్సరము 1203, అనగా క్రీ.శ. 1281 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. గాంగరాజుల కాలమున కళింగమున అధికారము నెరపిన మాధ్వయతి నరహరితీర్థులు యోగానంద నరసింహునకు ఆలయము గట్టించిన వృత్తాంతము దానిలోనిది. హెచ్. కృష్ణశాస్త్రిగారు దానిని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’ ఆరవ సంపుటమున ప్రకటించిన పిదప, మధ్వాచార్యుల కాలనిర్ణయమునకు పూనుకొన్న పండితులు దానిని పేర్కొనక ముందునకు సాగలేకపోయిరి. అట్టి ప్రస్తావనములు పుటల అడుగున పాదసూచికలై నిలిచినవి గనుక లెక్కకు వచ్చును. యాత్రికునకు ఆలయచరిత్ర చెప్పువారి నోట ఆ పాండిత్యమే వినవచ్చినను, అది ఏ పట్టికకును ఎక్కదు. పరిశోధనాఫలమును కొలుచు విషయమున నేటికిని తెగని తగవు ఈ రెండింటి నడుమనే యున్నది.

పాదసూచికలను కూర్చు పద్ధతి న్యాయవాదుల అవసరమున పుట్టినది. ఒక తీర్పును తరువాతి న్యాయస్థానములు మన్నించినవో త్రోసిపుచ్చినవో తెలియకున్న వాదము నిలువదు గనుక, అమెరికాలోని ఇల్లినాయిలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో ఆ వివరములను సేకరించి ప్రచురింప మొదలిడెను. కళాశాల గ్రంథాలయమునకు ఏ రసాయనశాస్త్ర పత్రికలు తెప్పింపవలెనో తేల్చుటకై గ్రాస్ అను ఇంటిపేరు గల ఇరువురు రచయితలు 1927లో ఉల్లేఖనములను లెక్కించిరి. షెపర్డ్ జాడను అనుసరించి యూజీన్ గార్‌ఫీల్డు 1955లో విజ్ఞానశాస్త్రమునకును అట్టి సూచిక వలయునని ప్రతిపాదించి, 1964లో దానిని వెలువరించెను. చదువరికి దారి చూపుటకును, గ్రంథాలయాధికారికి పత్రికలను ఎంచుకొనుటకును పుట్టిన ఈ సాధనము, కాలక్రమమున ఉద్యోగములకును పదోన్నతులకును ప్రమాణమై కూర్చున్నది. ఇంపాక్ట్ ఫ్యాక్టరు అనునది ఒక పత్రికలో గత రెండేండ్ల వ్యాసములకు ఆ యేట లభించిన ఉల్లేఖనముల సగటు మాత్రమే. దానినిబట్టి ఒక్కొక్క పరిశోధకుని విలువ కట్టుట, ఊరి సగటు పంటను జూచి ఒక రైతు గాదెను మెచ్చుకొనుట వంటిది. 2005లో హిర్ష్ అను భౌతికశాస్త్రజ్ఞుడు వ్యక్తికే వర్తించు హెచ్-సూచిని కల్పించెను గాని, అదియు పాదసూచికల గడపను దాటలేదు.

ఆ గడప దాటుటకు జరిగిన యత్నమే ఆల్ట్‌మెట్రిక్స్. 2010 అక్టోబరులో జేసన్ ప్రీమ్, డారియో తారాబొరెల్లి, పాల్ గ్రోత్, కామెరాన్ నీలాన్ అను నలువురు ప్రకటించిన ప్రణాళికతో ఆ పేరు స్థిరపడెను. వార్తాపత్రికలు, ప్రభుత్వ విధానపత్రములు, వికీపీడియా, సామాజిక మాధ్యమములు ఒక వ్యాసమును ఎన్నిమార్లు పేర్కొన్నవో, ఎందరు దానిని భద్రపరచుకొన్నారో గణించుట దీని పద్ధతి. దుమారము రేపిన వ్యాసమునకును, మేలు చేసిన వ్యాసమునకును ఒకే తీరున అంకెలు పెరుగుట దీని బలహీనత. తిట్టినవాని మాటయు ఇందు ప్రస్తావనయే. పత్రిక సగటును మనుష్యులకు అంటగట్టరాదని శాన్ ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లో ఘోషించినది; అంకెలు నిపుణుల విచక్షణకు తోడుగా నుండవలెనే గాని దాని స్థానమును ఆక్రమింపరాదని లైడెన్ ప్రణాళిక 2015లో హితవు చెప్పినది.

పాదసూచికల లెక్కయు, ఊళ్ళ లెక్కయు ఒకే మనుష్యుని యందు కలిసి కనిపించు ఉదాహరణము మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫిస్కే అను సహరచయితతో గూడి ఆయన 1925లో ప్రకటించిన, రంగు గాఢతనుబట్టి ఫాస్ఫరసును కొలుచు పద్ధతి, జీవరసాయనశాస్త్రమున మిక్కిలిగా ఉల్లేఖింపబడిన వ్యాసములలో నొకటి; ఉల్లేఖనములే కొలమానమైనచో ఆయన కీర్తికి అది చాలును. లెడర్లె ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యవమున సాగిన కృషికి ఫలముగా 1947లో వెలువడిన డైఇథైల్‌కార్బమజైన్ (డీఈసీ) అను మందు కథ వేఱు. బోదకాలు చిరకాలముగా పీడించిన శ్రీకాకుళము మొదలగు కోస్తా జిల్లాలలో, ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి వెళ్ళి, వయస్సునుబట్టి లెక్కించి, తమ యెదుటనే మ్రింగించిన డీఈసీ మాత్ర అదియే. ఆ మాత్ర మ్రింగినవారిలో ఏ పాదసూచికయందైనను సుబ్బారావుగారి పేరు జూచినవారు ఎందరుందురు?

ఆల్ట్‌మెట్రిక్స్ యంత్రము ఈ ఫలమును పట్టగలదా యన్న, కొంతవఱకు పట్టును. వ్యాసమునకు డీఓఐ అను స్థిరసంఖ్య యుండి, ఏ ప్రపంచారోగ్యసంస్థ నివేదికయో ఆ సంఖ్యతో దానిని పేర్కొన్నచో ఒక ప్రస్తావన నమోదగును. ఎవరింట ఎందరు మాత్ర మ్రింగిరో గ్రామమున ఆశా కార్యకర్త వ్రాసికొను పుస్తకమున మాత్రము ఏ వ్యాసపు పేరును ఉండదు. కనుక ఆ పుస్తకము యంత్రమునకు చేరదు.