వాట్‌ఫర్డ్‌లో ఒక ఆదివారం

మన పిల్లలకు చెప్పాల్సిన కథ ఒకటుంది.

2002లో బ్రిటన్ హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ ప్రోగ్రామ్, అదే హెచ్‌ఎస్‌ఎంపీ, మొదలుపెట్టింది. చదువుకీ అనుభవానికీ పాయింట్లిచ్చి, వచ్చి స్థిరపడమంది. మనవాళ్లెందరో ఉన్న ఉద్యోగాలు వదులుకుని వచ్చారు. 2006 నవంబరులో ఆ పాయింట్ల లెక్క మార్చి, అప్పటికే వచ్చినవాళ్లకీ వర్తింపజేశారు. ఆట మధ్యలో గీత జరిపినట్టన్నమాట!

వాట్‌ఫర్డ్‌లో మా ఇంట్లో సమావేశం పెడదామని ఫోన్లు చేశాను. "పేరు బయటికొస్తే వీసా పోతుందేమో అక్కా" అన్నారు చాలామంది. చివరికి పదకొండుమంది వచ్చారు. ఉప్మా తిని, కోర్టు ఖర్చులకు తలా కొంత వేసుకున్నాం.

హెచ్‌ఎస్‌ఎంపీ ఫోరం వేసిన కేసులో 2008 ఏప్రిల్ 8న హైకోర్టు, ముందే వచ్చినవాళ్లకు కొత్త నిబంధన పెట్టడం చట్టవిరుద్ధమంది.

ఇంట్లో బ్రిటిష్ పాస్‌పోర్టులున్నవాళ్లు, ఆనాటి భయం గురించి కూడా పిల్లలకు చెప్పండి. భయపడుతూనే వచ్చినవాళ్ల గురించి మరీ చెప్పండి.