పేలుడు నిరోధక జంక్షన్ బాక్సు

మండే వాయువులు, ద్రావకాల ఆవిర్లు ఉండే చోట విద్యుత్ కేబుళ్లను కలపడానికి వాడే గట్టి పెట్టె ఇది. ఫ్లేమ్‌ప్రూఫ్ అన్న మాటను కుదించి మన కర్మాగారాల్లో దీన్ని ‘ఎఫ్‌ఎల్‌పీ బాక్సు’ అంటారు. పేరు చూసి ఇందులో పేలుడు జరగదనుకోకూడదు. వాయువు లోపలికి చేరుతుందని, రవ్వ పుడితే పేలుతుందని ముందే లెక్కవేసి దీన్ని తయారుచేస్తారు. ఆ ఒత్తిడికి పెట్టె పగలకూడదు, లోపలి మంట బయటి వాయువును అంటించకూడదు. దీని పని అదే.

పుట్టుక

ఈ సూత్రం బొగ్గు గనుల్లో పుట్టింది. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గని పేలుడులో 92 మంది చనిపోయారు. సన్నని లోహపు వలను మంట దాటలేదన్న సూత్రంపై హంఫ్రీ డేవీ 1815లో గని దీపం తయారుచేశాడు. మంటలోని వేడిని లోహం లాగేసుకోవడమే దీనికి కారణం.

గనుల్లోకి విద్యుత్ వచ్చాక రవ్వల భయం మొదలైంది. 20వ శతాబ్దపు తొలి దశకంలో జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో కార్ల్ బైలింగ్ విద్యుత్ పరికరాల పెట్టెలపై ప్రయోగాలు చేశాడు. మూతకూ పెట్టెకూ వెడల్పైన లోహపు అంచులుంటే, వాటి మధ్య ఇరుకు సందులోంచి వచ్చే వేడి వాయువు చల్లబడి బయటి వాయువును అంటించలేదని తేల్చాడు.

1913 అక్టోబరు 14న వేల్స్‌లోని సెంఘెనిడ్ గని పేలుడుకు 439 మంది కార్మికులు బలయ్యారు. విద్యుత్ గంటల తీగల్లో పుట్టిన రవ్వే కారణమన్న అనుమానం వచ్చింది. గంటల రవ్వలపై వీలర్, థార్న్‌టన్ చేసిన పరిశోధనలతో, వాయువును అంటించలేనంతగా రవ్వ శక్తినే తగ్గించే మరో పద్ధతి రూపుదిద్దుకుంది.

ప్రమాణాలు

గనుల నుంచి ఈ విద్య చమురు శుద్ధి కర్మాగారాలకు, రసాయన పరిశ్రమకు పాకింది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1948లో ఇందుకోసం 31వ సాంకేతిక కమిటీని ఏర్పాటు చేసింది. నేటి ఐఈసీ 60079 ప్రమాణాలు ఆ కమిటీవే. పేలుడును లోపలే ఆపే పెట్టెకు ‘డి’, అసలు రవ్వే పుట్టకుండా కట్టుదిట్టం చేసిన పెట్టెకు ‘ఇ’ గుర్తులు. ఈ రెండు అక్షరాలూ జర్మన్ మాటల నుంచి వచ్చాయి.

మన దేశంలో ఐఎస్ 2148 స్థానంలో ఇప్పుడు ఐఎస్/ఐఈసీ 60079-1 ఉంది. పెట్రోలియం నిల్వ, శుద్ధి వంటి ప్రమాదకర ప్రాంతాల్లో వాడే ఇలాంటి పరికరాలకు నాగపూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, అంటే పెసో, ఆమోదం ఇస్తుంది.

ఎంపిక

మొదట చూడవలసింది జోన్. పేలే మిశ్రమం ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, మామూలు పనిలో అప్పుడప్పుడు ఏర్పడే చోటు జోన్ 1, అరుదుగా వచ్చి కాసేపట్లో పోయేది జోన్ 2. ఎఫ్‌ఎల్‌పీ బాక్సు జోన్ 1, 2లకు పనికొస్తుంది.

తర్వాత వాయువు. 25 మి.మీ. వెడల్పు అంచుల మధ్య మంట దాటని గరిష్ఠ సందు ప్రొపేన్‌కు 0.92 మి.మీ., ఇథిలీన్‌కు 0.65, హైడ్రోజన్‌కు 0.29 మాత్రమే. అందుకే ఇవి వరుసగా ఐఐఏ, ఐఐబీ, ఐఐసీ వర్గాల్లో ఉన్నాయి. టోలుయీన్, అసిటోన్ వాడే విభాగానికి ఐఐఏ చాలు. అదే ఔషధ కర్మాగారంలో హైడ్రోజనేషన్ జరిగే చోట ఐఐసీ పెట్టె తప్పనిసరి.

మూడోది ఉష్ణోగ్రత. టీ1 పెట్టె ఉపరితలం 450 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు, టీ4 అయితే 135, టీ6 అయితే 85. ఈథర్ సుమారు 160 డిగ్రీల వద్ద రవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుంది కాబట్టి దానికి టీ4 కావాలి. పెట్టెపై ఉండే వివరాల పలకపై వేరే అంకె లేకపోతే ఈ హామీ 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకే వర్తిస్తుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం వంటి చోట్ల ఇది మరవరాని సంగతి.

చివరిది తుప్పు. ఆమ్లాల ఆవిరి అల్యూమినియం పెట్టెను తినేస్తుంది. అలాంటి చోట స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టె మేలు. టెర్మినళ్లు మాత్రమే ఉంటే, జోన్ 1, 2లలో గాజునార కలిపిన పాలిస్టర్‌తో చేసిన ‘ఇ’ రకం పెట్టె సరిపోతుంది.

నిర్వహణ

మంచి పెట్టె కొంటే సగం పనే అయినట్టు. మూత విప్పితే నున్నగా మెరిసే లోహపు అంచు కనిపిస్తుంది. దానిపై లోతైన గీత పడినా, రంగు పూసినా, తుప్పు గోకడానికి ఆకురాయి వాడినా మంటకు దారి ఇచ్చినట్టే. మరమూత అయితే కనీసం 5 మరలు పూర్తిగా పట్టాలి. కేబుల్‌ను పెట్టెకు బిగించే గ్లాండు కూడా అదే వర్గానికి ధ్రువీకరణ పొందినదై ఉండాలి. వాడని రంధ్రాన్ని ధ్రువీకరించిన ప్లగ్గుతోనే మూయాలి. టేపు చుట్టడం, ఎంసీల్ పూయడం ప్రాణాలతో చెలగాటమే. కరెంటు తీయకుండా మూత విప్పకూడదు.

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో ద్రావకం లీకై, ఆవిరి పేలి 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆవిరి ఒకసారి కమ్ముకున్నాక ప్రతి విద్యుత్ పరికరమూ ప్రమాద కేంద్రమే. అందుకే కొనుగోలు విభాగం ధర చూసేముందు పలక చదవాలి. తనిఖీకి వెళ్లినవారు బోల్టులు లెక్కపెట్టాలి. ఒక్క బోల్టు లేకపోయినా అది ఎఫ్‌ఎల్‌పీ బాక్సు కాదు, మామూలు ఇనుప డబ్బా.