పురపాలనలో పౌరుల వేదిక.. వార్డు కమిటీ

గ్రామంలో ఓటరుగా నమోదైన ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. పట్టణవాసులకు అటువంటి సభను రాజ్యాంగం కల్పించలేదు. వారికోసం 74వ రాజ్యాంగ సవరణ వార్డు కమిటీలను నిర్దేశించింది. ఈ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 243-ఎస్ అధికరణం ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా గల పురపాలక సంస్థల్లో ఈ కమిటీలు తప్పనిసరి. ఒకే వార్డుకు ఒక కమిటీ ఉంటే ఆ వార్డు సభ్యుడే దానికి అధ్యక్షుడు. మిగతా సభ్యుల ఎంపిక విధానాన్ని రాష్ట్ర శాసనసభలకు వదిలారు.

చిక్కంతా ఇక్కడే ఉంది. జిల్లాల్లోని చిన్న పురపాలక సంఘాల్లో అధికశాతం 3 లక్షల జనాభాకు చేరవు. అక్కడ కమిటీల ఏర్పాటు రాష్ట్ర చట్టాలపైనే ఆధారపడి ఉంటుంది. తెలంగాణలో 2019 పురపాలక చట్టం యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలని పేర్కొంది.

కమిటీ సమావేశం కాకున్నా, 2005 సమాచార హక్కు చట్టం కింద వార్డు పనుల అంచనాలు, బిల్లులు, ఎం.బుక్ ప్రతులు కోరవచ్చు. అధికారులు 30 రోజుల్లోగా సమాధానమివ్వాలి. అయితే ఈ హక్కు ఉన్న రికార్డులను చూపించేందుకే ఉపకరిస్తుంది. మురుగుకాలువ ముందుగా ఏ వీధికి అవసరమో చెప్పవలసిన చోటు వార్డు కమిటీయే. తమ వార్డులో కమిటీ ఉన్నదీ లేనిదీ పౌరులు పురపాలక కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.