శారదాసదనము

1889వ సంవత్సరము మార్చి 11వ తేదీని పండిత రమాబాయి బొంబాయి నగరమున చౌపాటీ సమీపమున శారదాసదనమను పాఠశాలను స్థాపించినప్పుడు అందు చేరిన విద్యార్థినులు ఇద్దరు. వారిలో నొకతె బాల్యముననే భర్తను గోల్పోయిన గోదూబాయి. 1900 నాటికి ఆ పాఠశాలనుండి పుట్టిన ముక్తిసదనమున సుమారు 1,500 మంది యాశ్రయము పొందియుండిరి. ఈ వృద్ధి యెట్లు కలిగెనో సంస్కరణాభిమానులు తెలిసికొనదగును.

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే. భార్యకు సంస్కృతము నేర్పినందుకు నిందలపాలై, పడమటి కనుమలలోని గంగామూలమను నడవిచోట కాపురముండెను. 1858లో రమాబాయి అచ్చటనే జన్మించెను. తల్లియే ఆమెకు గురువు. ఆ కుటుంబము పురాణపఠనముచే జీవించుచు, క్షేత్రములు తిరుగుచు, కరవులో చిక్కుకొని, మన తిరుపతి ప్రాంతపు టడవులలో ఆకులు తిని దినములు గడపెను. తలిదండ్రులును అక్కయు కొలదికాలములోనే గతించిరి. ఈ యాకలిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

1878లో కలకత్తా పండితు లామెకు సరస్వతీబిరుద మొసగిరి. 1882లో ఆమె విధవ యయ్యెను. 1883లో ఇంగ్లాండున క్రైస్తవమతమును స్వీకరించెను. తరువాత అమెరికాకు బోయి హిందూ విధవల దుస్థితినిగూర్చి గ్రంథము వ్రాయగా, 1887లో బోస్టను నగరమున నొక సంఘమేర్పడి పదియేండ్లు ధనసహాయము చేయుటకు ఒప్పుకొనెను.

సదనమున ఏ మతమును బోధింపరాదనియు, విధవలు తమ యాచారములను పాటించుకొనవచ్చుననియు నియమము. రానడే, భండార్కరు వంటి పెద్దలు సలహాసంఘమున జేరిరి. 1890లో సదనము పూనాకు మారెను. చిక్కు అచ్చట వచ్చెను. రమాబాయి ప్రార్థించుకొనునప్పుడు తన గది తలుపు మూయదు. బాలికలు కొందరు వచ్చి కూర్చుండసాగిరి. ఆమె వారిని పొమ్మనలేదు. తిలకుగారి కేసరి పత్రిక తీవ్రముగా విమర్శించెను. 1893లో సలహాసంఘమువారు తప్పుకొనిరి. ఇంచుమించు పాతికమంది బాలికలను వారివారు తీసికొనిపోయిరి.

ఇందు ఒక్కపక్షమునే దూషించుట న్యాయము గాదు. నియమమును నమ్మి బిడ్డను అప్పగించిన తండ్రికి ఆ తెరచిన తలుపు మోసముగా దోచుట సహజము. ప్రేమించు గురువు ఏది చేసినను శిష్యుల కది బోధయే యగును. బడిలో నే నిది నిత్యము చూచుచున్నాను. అయినను, బాలికలను తీసికొనిపోయినవారు వారికి చూపిన వేరొక పాఠశాల యేది? పూనాలో కర్వే మహాశయుని విధవాశ్రమము 1896లో గాని పుట్టలేదు. ఆ మహాశయుడు 1893లో వివాహమాడినది ఎవరినో కాదు, శారదాసదనపు తొలి విద్యార్థినియగు గోదూబాయినే!

అమెరికా సహాయమునకు 1898తో గడువు తీరనుండెను. రమాబాయి ముందుచూపుతో పూనాజిల్లాలోని కేడగాంవద్ద సుమారు 100 ఎకరముల నేల కొని పండ్లతోట వేయించెను. ఇంతలో 1896-97లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. తాను చిన్ననాడు పడిన యాకలి ఆమెను నిలువనీయలేదు. స్వయముగా వెళ్లి దాదాపు 300 మంది బాలికలను, స్త్రీలను తోడ్కొనివచ్చెను. ప్లేగు భయముచే పూనాలో వారి నుంచుటకు వీలులేక కేడగాంకు చేర్చెను. 1898లో ముక్తిసదనము వెలసెను. ఇది బహిరంగముగా క్రైస్తవసంస్థయే. కాని యే మిషనునకును లోబడినది కాదు. 1900లో గుజరాతు కరవు మరికొన్ని వందలమందిని తెచ్చెను. అగ్రజాతి విధవలకని తలపెట్టినది అన్ని కులముల నిరుపేదల యిల్లయ్యెను. నేత, నూనెగానుగ, పాడి, అచ్చుపని చదువుతోబాటు సాగెను. కుమార్తె మనోరమ బ్రెయిలు లిపి నేర్చి అంధులకు చదువు చెప్పెను.

అన్నము పెట్టిన చేతినుండి గ్రహించిన మతము స్వేచ్ఛగా గ్రహించినదేనా యను ప్రశ్న తోపకపోదు. ఆ యన్నము పెట్టుటకు మన సంఘములు ఎన్ని ముందుకు వచ్చెనో కూడ ఆ ప్రశ్నతోనే అడుగవలయును.

తుదికాలమున రమాబాయి హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి బైబిలును మరాఠీలోనికి అనువదించెను. సరస్వతీబిరుదము పొందిన యామె సామాన్యస్త్రీల కర్థమగు తేటమాటలనే యెన్నుకొనెను. 1921లో మనోరమయు, 1922 ఏప్రిల్ 5వ తేదీని తల్లియు మరణించిరి. ముక్తిసదనపు ముద్రణాలయమున తయారైన యా గ్రంథము 1924లో వెలువడెను.