టర్నర్ గారి సలాడ్

ఒక విందులో ఆ పెద్దాయన ముందుకి సలాడ్ గిన్నె వచ్చిందట. ఆయన దాన్ని తేరిపార చూసి, "ఆకుల పచ్చదనం చల్లగా బావుంది, బీట్‌రూట్ ఎరుపే కాస్త చాలలేదు. ఇంత ఆవముద్ద కలిపితే అచ్చం నా బొమ్మే" అనే అర్థం వచ్చేలా పక్కాయనతో అన్నాడట. ఇది చదివినప్పటినుంచీ అరటికాయ ఆవపెట్టిన కూర కలుపుతుంటే నాకు ఆయనే గుర్తొస్తున్నాడు!

ఆయన జె.ఎం.డబ్ల్యు. టర్నర్. 1775లో లండన్‌లో పుట్టాడు. ప్రకృతి దృశ్యాలు వేయడంలో ఇంగ్లాండులో ఆయనంత పేరున్నవాళ్ళు అరుదు. పసుపు రంగు మరీ గుమ్మరిస్తాడని అప్పట్లో వెక్కిరించేవాళ్ళు. 1842లో మంచు తుఫానులో చిక్కుకున్న ఆవిరి ఓడని చిత్రిస్తే, సబ్బు నురగా సున్నమూ అన్నారు. దానికి మాత్రం ఆయనకి నవ్వు రాలేదు. వీళ్ళు ఆ సముద్రంలో ఉండి చూడాల్సింది అని గొణుక్కున్నాడట.

వాళ్ళ నాన్న మంగలి. కొడుకు చిన్నప్పుడు వేసిన బొమ్మల్ని కొట్లోనే వేలాడదీసి అమ్మేవాడు. తర్వాత కత్తెర పక్కన పెట్టి కొడుకు దగ్గరే ఉండిపోయాడు. కాన్వాసు చట్రానికి బిగించడం, చివర్లో వార్నిష్ పూయడం ఆయన పనే. అందుకే టర్నర్, "నా బొమ్మలు మొదలుపెట్టేదీ ముగించేదీ మా నాన్నే" అనేవాడట. ఆ నాన్నా తక్కువవాడు కాదు. ట్వికెన్‌హామ్ ఇంటినుంచి లండన్‌కి బండి ఖర్చు దండగని, కూరగాయల బండివాడికి గ్లాసుడు జిన్ను పోయించి, ఆ బండెక్కి వచ్చేవాడని చెప్తారు.

మరి అమ్మ?

నేను ఆగిపోయింది ఇక్కడే. మేరీకి మతిస్థిమితం తప్పింది. చిన్న కూతురు 1783లోనే పోయింది. 1800లో ఆవిణ్ణి బెత్లెమ్ పిచ్చాసుపత్రిలో ధర్మరోగిగా చేర్చారు. 1802లో కొడుకు రాయల్ అకాడమీలో పూర్తి సభ్యుడయ్యాడు. 1804లో తల్లి పోయింది. ఆవిడ ఊసెత్తితే టర్నర్ సహించేవాడు కాదట. చేతిలో డబ్బుండీ ధర్మరోగిగా ఎందుకు ఉంచారో అని నాకు చాలా కోపమొచ్చింది. కానీ అలాంటి మనిషితో ఒక్క రాత్రయినా గడపకుండా నేనేం తీర్పు చెప్తాను?

చివరికి తన ఇల్లే దాచుకున్నాడు. సోఫియా బూత్ అనే వితంతువుతో చెల్సీలో కాపురం. ఇరుగుపొరుగు ఆయన్ని 'అడ్మిరల్ బూత్' అనుకునేవాళ్ళు. ఇక్కడ పాత ఇంట్లో హానా డాన్బీ, ఏళ్ళ తరబడి ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉన్న మనిషి, ఆయన కోసం ఎదురుచూస్తూనే ఉంది. ఒకరోజు ఆయన పాత కోటు జేబులో ఒక ఉత్తరం దొరికింది, దానిమీద చెల్సీ చిరునామా ఉంది. వెతుక్కుంటూ వెళ్ళి, చుట్టుపక్కల వాకబు చేసి, బంధువుకి కబురు చెప్పిందట. అప్పటికే ఆయన మంచంమీద ఉన్నాడు. 1851 డిసెంబర్ 19న పోయాడు.