కారు స్కానరు: చిన్నదా, పెద్దదా?

గుమాస్తాగా ఫైళ్ళతో గడిపిన అలవాటు కొద్దీ, ఏ వస్తువు చూసినా దీని వెనుక ఏ ఉత్తర్వు ఉందా అని వెతుకుతాను. మా అబ్బాయి కారుకని కొనిచ్చిన చిన్న స్కానరు సంగతీ అంతే.

పొగ కట్టడి కోసం అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఇంజను తన లోపం తానే కనిపెట్టి దీపం వెలిగించాలని 1988 మోడలు కార్ల నుంచి నిబంధన పెట్టింది. అప్పట్లో ఒక్కో కంపెనీది ఒక్కో సాకెట్టు, ఒక్కో కోడు. 1996 మోడలు నుంచి అమెరికా అంతటా 16 పిన్నుల సాకెట్టు, ఉమ్మడి కోడ్లు వచ్చాయి. పి0300 అంటే ఏ కారులోనైనా మిస్‌ఫైరే. మన దేశంలో ఈ రెండో తరం పద్ధతి 2013లో తప్పనిసరి అయింది.

అయితే ఉత్తర్వు పొగకు సంబంధించిన లోపాల వరకే. బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు కోడ్లు చాలామటుకు కంపెనీల సొంత భాషలోనే ఉండిపోయాయి. చవక రీడర్లు సాధారణంగా వాటిని చదవలేవు. మెకానిక్కుల పెద్ద స్కానరు చదువుతుంది, ఫ్యాను వంటివి నడిపించి కూడా చూస్తుంది.

ఇది తెలియక నిరుడు మోసపోయాను. ఏబీఎస్ దీపం వెలిగితే చిన్న స్కానరు పెట్టాను, ఏ కోడూ లేదంది. నమ్మి రెండు వారాలు మనవల్ని ఎక్కించుకు తిరిగాను. మా ఆవిడ పోరు పడలేక షెడ్డుకు వెళ్తే, ముందు చక్రం సెన్సరు పోయిందని పెద్ద స్కానరు వెంటనే చూపింది.

ఒక్క కారుకు పెద్దది కొనడం మన పెన్షనుకు దండుగ. అది ఉన్న షెడ్డు ఎక్కడుందో కనుక్కుని ఉంచుకున్నాను. చిన్నది ఇంజను దీపానికి ఇంట్లోనే ఉంది.